తాడు మీద ముడి

మా ఇంట్లో ఎవరి బట్టలూ బయట కుట్టించం. నా జాకెట్లు, మా ఆయన నవీన్‌కుమార్ చొక్కాలు, మా అత్త లంగాలు, చివరికి దిండు గలీబులు కూడా నా చేతి కుట్టే. హాలియా సెంటర్‌లో రెడీమేడ్ గౌన్లు వేలాడుతుంటే లోపలి కుట్లు తిప్పి చూసి, ముక్కు విరిచి వచ్చేదాన్ని. రెండు ఉతుకులకే చంకల్లో విడిపోయేవి, అవీ బట్టలేనా! అంత పొగరు నాకు. ఇప్పుడు అదంతా ఎటు పోయిందో తెలియదు.

ఇది 2017 డిసెంబరు నాటి మాట. మా షారోనుకు అప్పుడు ఆరేళ్లు. చర్చిలో పిల్లలు వేసే క్రిస్మస్ నాటికలో దానికి దేవదూత వేషం ఇచ్చారు. మడమల దాకా తెల్ల గౌను ఉండాలని సండేస్కూలు టీచరు స్నేహలత మరీ మరీ చెప్పింది. నాటిక మర్నాడు సాయంత్రం. తెల్ల గుడ్డ కొని తెచ్చాను, మిషనుకు నూనె పెట్టాను, అన్నీ సిద్ధం.

టేపు మాత్రం లేదు. ఆ పొద్దున్నే షారోను నా టేపును కత్తెరతో మూడు ముక్కలు చేసి బొమ్మకు జడ అల్లింది. కోపం ఆపుకోలేక వీపు మీద ఒకటి వేశాను. ఏడ్చి, అలిగి, అన్నం తిని, మధ్యాహ్నానికి మంచం మీద వెల్లకిలా పడి నిద్రపోయింది. మెలకువగా ఉంటే ఒక్క చోట నిలబడే రకం కాదు. ఇప్పుడే కొలత తీసేస్తే ఈ బాధ ఉండదు కదా అనిపించింది.

పడుకున్న మనిషిని కొలవకూడదని నాకు కుట్టుపని నేర్పిన భద్రమ్మ మేడం అంటుండేది. పడుకుంటే ఒళ్లు సాగి కొలత తప్పుతుందని కాబోలు అనుకున్నాను. నేను అర్థం చేసుకున్నది అంతే.

దేనితో కొలవాలా అని చుట్టూ చూస్తే దూలం మేకుకు ఒక తాడు కనిపించింది. చిటికెన వేలంత మందం, మట్టి రంగు, పొడవునా ముడులు. మా మామ ఏసోబుదట. నా పెళ్లికి ముందే ఆయన చనిపోయాడు. ఊళ్లో ఎవరు పోయినా ఆయనే గుంత తవ్వేవాడని విన్నాను గానీ, ఆ తాడు దేనికని నేను ఎప్పుడూ అడగలేదు. మా అత్త సుక్కమ్మ ఆ రోజు పత్తి ఏరడానికి పోయింది. ఇంట్లో ఉంటే నన్ను దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు.

తాడు కొసను షారోను భుజం మీద పెట్టి, మడమ దాకా లాగి, మరిచిపోకుండా అక్కడొక ముడి వేశాను. ముడి బిగిస్తుంటే పిల్ల నిద్రలోనే నవ్వింది.

"సక్కిలిగిలి పెట్టకు తాతా..."

వాళ్ల తాతను అది ఫొటోలో తప్ప చూడలేదు. ఏదో కల కంటోంది అనుకున్నాను. తాడును స్కేలు మీద పెట్టి చూస్తే ముప్పై నాలుగు అంగుళాలు. గుడ్డ పరిచి కత్తిరించాను. మిషను ముందు కూర్చున్నాను.

పక్క కుట్టు వేస్తున్నప్పుడు మొదటిసారి విన్నాను. ఇంటి వెనుక ఎవరో నేల తవ్వుతున్నారు. గడ్డపార దిగుతున్న చప్పుడు. కాలువ పని చేసేవాళ్లేమో అనుకుని మిషను తొక్కుతూనే ఉన్నాను. కాసేపటికి ఒక సంగతి గమనించాను. నేను తొక్కుతుంటేనే ఆ చప్పుడు వస్తోంది. నేను ఆపితే అదీ ఆగుతోంది. ఒక్క దెబ్బ ఆలస్యంగా.

తొక్కాను... దబ్. దబ్. దబ్.

ఆపాను... దబ్.

తర్వాత ఏమీ లేదు.

లేచి వెనక తలుపు తీసి చూశాను. మునగచెట్టు, బాత్రూం గోడ, ఆరేసిన బట్టలు. మనిషి లేడు. తడి మట్టి వాసన మాత్రం గుప్పున కొట్టింది, వాన పడి రెండు నెలలైనా. దానితో పాటు బీడీ వాసన. మా ఇంట్లో బీడీ తాగేవాళ్లు ఎవరూ లేరు.

నిజంగా భయమైంది. అయినా గౌను పూర్తి చేసేశాను. మర్నాడు నాటిక, చేతిలో సగం కుట్టిన బట్ట. ఆపడానికి మనసు ఒప్పుకోలేదు. కింది అంచు మడిచి చివరి కుట్టు వేసి దారం కొరికేసరికి పొద్దు గుంకుతోంది.

షారోను ఇంకా లేవలేదు. నుదురు ముట్టుకుంటే చెయ్యి కాలింది. కాళ్లు మాత్రం మంచు ముక్కల్లా ఉన్నాయి. కళ్లు తెరవకుండానే గొణిగింది.

"అమ్మా... కింద మస్తు సల్లగున్నది..."

"యాడ బిడ్డా? మంచం మీదనే ఉన్నవ్."

"కాదు... కిందనే..."

అప్పుడే మా అత్త వచ్చింది. పిల్లను చూడబోయి, మంచం మీద పడి ఉన్న తాడును చూసి ఆగిపోయింది.

"ఎస్తేరూ! గీ తాడు ఎందుకు దించినవే?"

జరిగింది చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తాడు చేతిలోకి తీసుకుని, పెదవులు కదుపుతూ ముడులు లెక్కపెట్టింది. చివరి ముడిని రెండుసార్లు తడిమి చూసింది.

"మీ మామ పీనుగుల కొలిచే తాడే గిది. ఒక్కో మనిషికి ఒక్కో ముడి. ఎవ్వరి ముడి ఏదో నాకు ఎరుకే. గీ ఒక్కటే కొత్తది."

"విప్పేద్దాం అత్తమ్మా..." అంటూ ఆమె చేతిలోంచి తాడు లాక్కున్నాను.

సూదితో ప్రయత్నించాను. ఎన్ని వేల కుట్లు విప్పిన చేతులు ఇవి! నేనే వేసిన ముడి, మామూలు ముడి. సూది దూరితే ఒట్టు. రెండు సూదులు విరిగాయి. గోరు ఊడి రక్తం కారింది. నేను గుంజిన కొద్దీ మంచం మీద పిల్ల ఎగశ్వాస తీసింది. భయపడి వదిలేశాను.

నవీన్‌కు ఫోన్ చేశాను. మిల్లు లోడు లారీతో ఎక్కడో దూరంలో ఉన్నాడు, దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో పంపుతానన్నాడు. అంతలో చప్పుడు మళ్లీ మొదలైంది.

దబ్. దబ్.

ఈసారి మిషను ముందు ఎవరూ లేరు.

మా అత్త నా మోచెయ్యి పట్టుకుంది. గుసగుసగా అంది.

"కొలిచినంక గుంత ఖాళీగ ఉంచొద్దు అంటుండె ముసలాయన. ఖాళీగుంటే అడుగుతదట."

"ఏం అడుగుతది?"

ఫోన్ లైటు వేసుకుని ఇద్దరం వెనక్కి పోయాం. మునగచెట్టు పక్కన, మధ్యాహ్నం నేను చూసిన గట్టి నేలలో, గుంత ఉంది. చిన్న గుంత. అంచులు గీత గీసినట్టు సాఫుగా ఉన్నాయి. తవ్విన మట్టి ఒక పక్కన పొందికగా కుప్ప పోసి ఉంది. చుట్టూ ఒక్క అడుగు గుర్తు లేదు. ఎంత పొడవుందో కొలవాల్సిన పని లేదు. నా కంటికి తెలుసు.

నాకు ఏడుపు రాలేదు. ఒకటే తోచింది. ఆ కొలత నా పిల్ల ఒంటి మీద మాత్రమే లేదు. ఇంకో చోట కూడా ఉంది. నేనే కత్తిరించాను, నేనే కుట్టాను.

లోపలికి పరుగెత్తి గౌను తెచ్చాను. అంత నీటుగా నేను అంతకు ముందు ఏదీ కుట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, భుజాలు ఒక కొసకు, అంచు ఒక కొసకు వచ్చేట్టు గుంతలో పరిచాను. రవ్వంత కూడా తక్కువ కాలేదు. ఎక్కువ కాలేదు. మా అత్త చేతులతో మట్టి తోస్తూ, ఎవరితోనో బతిమాలుతున్నట్టు అంది.

"గిది తీస్కో అయ్యా... నీ మనవరాలు అది... గిది తీస్కో..."

మట్టి సమం అయ్యేసరికి లోపలి నుంచి షారోను పిలిచింది. ఆకలవుతోందట. నుదురు చల్లబడింది, కాళ్లు వెచ్చబడ్డాయి. దాన్ని ఒళ్లో కుక్కుకుని అప్పుడు ఏడ్చాను, బిగ్గరగా, సిగ్గు లేకుండా. ఆటో వస్తే వెనక్కి పంపాం.

తాడు గురించి గుర్తొచ్చింది ఆ తర్వాతే. ముప్పై నాలుగు అంగుళాల దగ్గర ముడి లేదు. ప్రాణం లేచి వచ్చింది. కానీ మా అత్త తాడును వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయి, ఒక చోట ఆగింది.

నేను వేసిన ముడి అక్కడ ఉంది. స్కేలుతో కొలిస్తే నలభై తొమ్మిది అంగుళాలు.

"జర టైం ఇచ్చిండు," అంది మా అత్త.

తాడును కాల్చేద్దామని నేను ఎన్నోసార్లు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "కాలిస్తే ముడి యాడున్నదో ఎట్ల ఎరుకైతదే?" అంది. అదీ నిజమే. తాళం వేసిన పెట్టెలో ఉంది ఆ తాడు.

ఏడేళ్లు గడిచాయి. షారోనుకు పదమూడు. బట్టలు ఇప్పటికీ నేనే కుడతాను, ఇంకొకరిని కొలత తీయనివ్వను. నిలబెట్టే కొలుస్తాను. స్నేహితురాళ్లందరిలో తనే పొడుగని దానికి గర్వం. ఎవరైనా "ఎంత ఎదిగినవ్ బిడ్డా" అంటే నవ్వుతుంది. నేను పోయి పెట్టె తాళం లాగి చూసుకుంటాను.

నిన్న క్రిస్మస్ గౌనుకు కొలత తీశాను. భుజం నుంచి మడమ దాకా, పట్టపగలు, తలుపులన్నీ తెరిచి పెట్టి. నలభై ఎనిమిదిన్నర.

తప్పు చూశానేమోనని మళ్లీ చూశాను. నలభై ఎనిమిదిన్నరే. టేపు బల్ల మీద పెట్టి, నోటుబుక్కు తీసి, అంకె వేయబోయాను. పెన్ను కదలడం లేదు. నా వెనుక షారోను అద్దం ముందు నిలబడి ఉంది. ఉన్నట్టుండి భుజాలు ముడుచుకుని కిలకిలా నవ్వింది.

"అమ్మా, సక్కిలిగిలి పెట్టకే! కొలుసుడు అయిపోయింది గదా?"

నా ఒక చేతిలో నోటుబుక్కు ఉంది. ఇంకో చేతిలో పెన్ను ఉంది.