హంతకుణ్ణి చూడని ఇద్దరు

"కళ్ళు తెరవండి. చచ్చిపోయింది," అంది పక్క సీటమ్మాయి.

అతను వేళ్ళ సందుల్లోంచి చూశాడు. తెర మీద ఎర్రటి మెట్లు, ఎర్రటి కర్టెన్లు, మధ్యలో శవం. ఠక్కున మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అతను వారపత్రికలో సినిమా పేజీ రాస్తాడు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయన్న సంగతి ఎడిటరుకు తెలియదు. ఈ ఇటాలియన్ సీరియల్ కిల్లర్ సినిమా మీద సాయంత్రానికల్లా సమీక్ష ఇవ్వాలి. కిందటి వారమే హీరోయిన్ పేరు తప్పు రాసి చీవాట్లు తిన్నాడు. ఈసారి తేడా వస్తే పేజీ చేజారిపోతుంది.

"ఎవరు చంపారండీ?"

"నల్ల గ్లవ్స్ వాడు. మొహం చూపించలేదు. అయినా పొడిచింది భుజంలో, ఆవిడ పట్టుకున్నది గుండె! రక్తం కూడా పెయింటు డబ్బా ఒంపినట్టుంది."

"మీకెలా తెలుసు?"

"నర్సుని. పెద్దాస్పత్రి క్యాజువాలిటీలో."

ఆమె చెబుతూంటే అతను చీకట్లోనే రాసుకుంటూ పోయాడు. ఇంటర్వెల్ తర్వాత ఆమె గొంతు ఆగిపోయింది. చూస్తే, అతని భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది.

తెర మీద డిటెక్టివ్ ఏదో గబగబా చెప్పేస్తున్నాడు. భుజం మీద ఆమె తల ఉండగా అతని బుర్రకు ఒక్క ముక్కా ఎక్కలేదు.

లైట్లు వెలిగాయి. ఆమె ఉలిక్కిపడి లేచింది.

"అయ్యో, సారీ! నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చేశాను. ఇంతకీ హంతకుడెవరు?"

"అదే... తెలీదండీ."

"కళ్ళు మూసుకున్నారా?"

"లేదు. తెరిచే ఉంచాను. తెర వైపు కాదు."

ఆమె చున్నీ సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది.

"డాక్టరే చంపాడు," అన్నాడు బయటికి వస్తూంటే ముందు నడుస్తున్న పెద్దాయన.

"కాదండీ, డాక్టరు తమ్ముడు," అంది ఆయన భార్య.

వెనక వీళ్ళిద్దరూ అయోమయంగా మొహాలు చూసుకుని నవ్వేశారు.

థియేటర్ మెట్ల మీద కూర్చుని సమీక్ష రాశారు. రంగులు బాగున్నాయి. కళ్ళు మూసుకున్నా సంగీతం భయపెట్టింది. పోలీసులకు మాత్రం బుర్ర లేదు.

"ఇంకోటి రాయండి," అందామె, ఈసారి నవ్వకుండా. "నేను నిద్రపోయేలోపే ఐదుగురు చచ్చారు. ఒక్కరి కోసమైనా ఎవరూ ఏడవలేదు. మా వార్డు బయట అలా ఉండదు."

అతను ఆ మాటలే రాశాడు.

సాయంత్రం ఎడిటరు కాగితం రెండుసార్లు చదివాడు. "ఈ ఏడుపు సంగతి నీది కాదు. ఎవరిదయ్యా?"

అతను జరిగిందంతా చెప్పేశాడు.

"రేపు మళ్ళీ వెళ్ళు. ముగింపు చూసొచ్చి మిగతాది రాయి. పేజీ నీదే."

మర్నాడు పొద్దున్నే పెద్దాస్పత్రి గేటు దగ్గర రెండు టికెట్లతో నిలబడ్డాడు. డ్యూటీ దిగి వస్తూ ఆమె ఆగిపోయింది.

"మ్యాట్నీకేనా? అయితే కాస్త పడుకుని వస్తాను."

"వద్దులెండి."

"అదేంటి?"

"మీరు మేలుకుని ఉంటే హంతకుడెవరో తెలిసిపోతుంది. తర్వాత మిమ్మల్ని పిలవడానికి నాకు వంక ఉండదు."

ఆమె ఒక టికెట్ లాక్కుని బ్యాగులో వేసుకుంది.

"వంక ఎందుకండీ? పిలవండి, చాలు."