దొర షెడ్డులో సుత్తి చప్పుడు

వ్యాసర్పాడి రైలు యార్డు వెనకాల ఒక సందు ఉండేది. ఆ సందు మొగలో ఒక రేకుల షెడ్డు. చీకటి పడ్డాక దాని ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకునేవాళ్లు. సైకిల్ మీద వచ్చేవాళ్లు దిగి, బెల్లు మోగకుండా గుప్పిట్లో మూసి, నడిపించుకుపోయేవాళ్లు. చప్పుడైతే లోపలున్నది లేస్తుందని భయం.

లోపలున్నది డిక్రూజ్ దొర అని సందులో అందరికీ తెలుసు.

నేను దెయ్యాల్ని నమ్మను. రాసినంత మాత్రాన నమ్మినట్టు కాదు. యతిరాజులు చెప్పింది చెప్పినట్టు పెడుతున్నాను, అంతే. అతనూ నేనూ పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో ఫిట్టర్లం. రాత్రి బడిలో ఒకే బల్ల మీద కూర్చుని అఆలు దిద్దినవాళ్లం. అబద్ధం ఆడే మనిషి కాదు. పట్టిన పట్టు వదిలే మనిషీ కాదు.

డిక్రూజ్ దొర గూడ్సు బండి డ్రైవరు. ఆదివారమైతే తన సొంత కారు బయటికి తీసేవాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు పొడుగు. పందేలకు తోలే ఇంగ్లీషు బండి. యుద్ధంలో బాంబులు పడతాయని మద్రాసంతా ఖాళీ అయినప్పుడు సందులో వాళ్లు మూటలు కట్టుకుని ఊళ్లకు పోయారు. దొర డ్యూటీలో ఉండిపోయాడు. ఊళ్లో దీపాలన్నీ ఆర్పేసిన ఒక రాత్రి, యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటింగు ఇంజను వెనక్కి వచ్చింది. దాన్ని ఆయన చూడలేదు... ఆయన్ని అది చూడలేదు.

బండి షెడ్డులోనే ఉండిపోయింది. ఏళ్లు గడిచేసరికి దానికి ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు.

షెడ్డుకు అవతలి పక్క, ముందు వీధిలోకి తిరిగి, దొర చెల్లెలి పెంకుటిల్లు ఒకటి ఉంది. దెయ్యం పేరు విని ఎవరూ అద్దెకు రాలేదు. ఆంధ్ర వేరే రాష్ట్రమైన మరుసటి ఏడు యతిరాజులు పెళ్లాన్ని తీసుకుని అందులో చేరాడు. ఇంటి పెరటి తలుపు తీస్తే నేరుగా షెడ్డు లోపలికి దారి. సందు వైపు పెద్ద తలుపులకు బయట తాళం తుప్పు పట్టి, అలాగే వేలాడుతూ ఉండేది. దొర చెల్లెలు ఒకటే మాట చెప్పిందట... నడిపించగలిగితే బండి నువ్వే ఉంచుకో అని.

అదే పట్టుకున్నాడు. ఎందుకురా నీకీ పీడ అని నేనడిగాను.

"బతుకంతా పరాయోళ్లు ఎక్కే పెట్టెలే బాగు చేసినాను రా," అన్నాడు. "నేనెక్కేది ఒకటి ఉండొద్దా."

పని దిగి ఇంటికి పోయి, ఇంత తిని, షెడ్డులో దూరేవాడు. యార్డు నుంచి వచ్చే బొగ్గుపొడి గ్రీజులో పడకుండా రేకుల సందులన్నిట్లో గోనెపట్టాలు కుక్కాడు. బిగిసిపోయిన ఇంజనులో కిరసనాయిలు, ఆముదం పోసి నానబెట్టి, రోజుకింత కదిలించాడు. పుచ్చిన చట్రానికి పాత పెట్టెల టేకు చెక్క చెక్కి బిగించాడు. సొట్టలు పడిన రేకును రాత్రంతా సుత్తితో తట్టి సాపు చేసేవాడు. ఆ బండికే తాళి కట్టుండొచ్చు గదా అని అమ్మణి ఎత్తిపొడిచేది.

ఆ చప్పుడు సందు వైపు ఎవరు వింటారు, ఏమనుకుంటారు... ఆ ఊహే అతనికి రాలేదు.

ఒక రాత్రి రేకు తడుతున్నాడు. సుత్తి ఎత్తాడు — దించలేదు.

పెద్ద తలుపుల అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

లాంతరు తగ్గించాడు. తన ఊపిరి బిగబట్టాడు. అవతలి ఊపిరి ఆగలేదు. ఉన్నట్టుండి ణంగ్ — అని ఏదో నేలకు తగిలింది. ఆ తర్వాత ఏమీ లేదు. వచ్చినదానికి అడుగుల చప్పుడు లేదు... పోయినదానికీ లేదు.

తెల్లారి చుట్టూ తిరిగి సందులోకి పోయి చూశాడు. తలుపు ముందు కారు ముందుదీపం ఒకటి. దాని మీద కుంకుమ బొట్టు. పక్కన కోసిన నిమ్మకాయ, కాలిన కర్పూరం మసి. ఎవరో చేతబడి చేశారనుకుని కాలితో తోసేయబోయాడు. ఎందుకో ఎత్తి, లోపలికి తెచ్చి, బండి ముక్కు పక్కన ఆనించి చూశాడు.

బోల్టు రంధ్రాలు రంధ్రానికి రంధ్రం సరిపోయాయి.

కొన్నాళ్లకు చక్రాల మూతలు వచ్చాయి. ఆ తర్వాత హారను. ఒక తెల్లవారుజామున స్టీరింగు చక్రమే వచ్చింది. దాని చుట్టూ నల్లగా మసి మరక. ప్రతిదానికీ బొట్టు, ప్రతిదాని పక్కనా నిమ్మకాయ. ప్రతి ఒక్కటీ ఆ బండిదే.

అమ్మణి వాటిని చూసి గడప దాటి రాలేదు. గుసగుసగా అనింది —

"దొర తన బండిని తానే కూర్చుకుంటా ఉండాడు మామా. నువ్వు కూలోడివి, అంతే. అయినాక ఎక్కి పోతాడు. రెండు సీట్లు గదా... రెండోదాన్లో ఎవుర్ని కూర్చోబెట్టుకుంటాడో."

అప్పటినుంచి యతిరాజులుకు నిద్ర లేదు. కార్ఖానాలో చేతిలోని స్పానర్లు జారిపోయేవి. రాత్రి పడుకుంటాడు, లేస్తాడు, పెరటి తలుపు దాకా పోయి వస్తాడు. గూడ్సు బండి కూత వేస్తే ఉలిక్కిపడతాడు. చిత్రమేమిటంటే, ఏమీ రాని రాత్రి ఇంకా చిరాకుగా ఉండేదట. ఒక పక్క భయం, ఒక పక్క ఆశ. రెండూ కలిసి మనిషిని నిలవనీయలేదు.

చివరికి మొండికేశాడు. అదేదో చూడాల్సిందే అని ఒక రాత్రి కాసేపు సుత్తి కొట్టి, లాంతరు ఆర్పేసి, తలుపు రేకులో మేకు ఊడిన కంతకు కన్ను ఆనించి కూర్చున్నాడు.

యార్డు దీపం వెలుగు సందులో పలచగా పడుతోంది. చాలాసేపు కుక్క కూడా రాలేదు. ఆ తర్వాత... తెల్లగా ఒకటి కదిలింది. ముఖం లేదు. చప్పుడు లేదు. నేల మీద జారుతున్నట్టు వచ్చి, తలుపు ముందు ఆగి, వంగింది.

అగ్గిపుల్ల భగ్గుమంది. కర్పూరం అంటుకుంది.

ఆ వెలుగులో చూస్తే, తల మీదుగా దుప్పటి కప్పుకున్న చిన్నతంబి! యార్డులో మూటలు మోసే మనిషి. పాముని తోక పట్టి విసిరేసేవాడని పేరు. చెప్పులు చంకలో ఇరికించుకుని వణికిపోతున్నాడు.

"దొరా... దీన్ని నేను తియ్యలే. మా నాయన తీసినాడు. ఆయన పైకి పోయినాడు, ఆడ్నే అడుక్కో. కొట్టేది ఆపు సామీ... పిల్లోళ్లు నిద్రపోలే."

అద్దం ఒకటి నేలన పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

యతిరాజులు తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాడట. షెడ్డుకు తాళం పడకముందు బండిని ఊడదీసింది సందులోవాళ్లే. ముందుదీపం ఒక ఇంట దేవుడి పటం ముందుండేది. చక్రం మూతతో ఒక ఇంట బియ్యం కొలిచేవాళ్లు. స్టీరింగు ఒక ఇంట కుండకు కుదురైంది. తాళం వేసిన షెడ్డులో రాత్రిళ్లు సుత్తి చప్పుడు వినేసరికి, దొర తన సామాను కోసం లేచాడని అనుకున్నారు. వాళ్లకు దెయ్యం యతిరాజులే.

మర్నాడు నాకు చెప్పాడు. పోయి నిజం చెప్పెయ్యరా అన్నాను.

"దొర సొమ్ము దొర బండికి వస్తా ఉంది. నడమ నేనెవుర్ని?" అన్నాడు.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. రేడియేటర్. ఇంజనును చల్లబరిచే నీళ్లు అందులోనే ఉంటాయి. అది లేకపోతే బండి యార్డు గేటు దాటకముందే మరిగి చస్తుంది. నిఖార్సైన ఇత్తడిది. దాని కోసం పని లేకున్నా కొట్టడం మొదలుపెట్టాడు. ఖాళీ డ్రమ్ము ముందేసుకుని, ఎవరింట్లో ఉందో వాళ్లకు వినబడాలని, అర్ధరాత్రి దాకా కొట్టేవాడు. నాలుగు దెబ్బలు కొట్టి ఆగేవాడు. చెవి పెట్టి వినేవాడు. మళ్లీ కొట్టేవాడు.

ఒక సాయంత్రం అమ్మణి వీధి కుళాయి దగ్గర నుంచి బిందె తెచ్చి దబ్బున దించింది.

సందులో రాసాత్తి అని ఒకతి ఉంది. యార్డు గట్టున బొగ్గు ఏరుకుని అమ్ముకునే మనిషి. మొగుడు పోయాడు, ఉన్నది ఒక ఆడబిడ్డ. రేడియేటర్ ఆ మొగుడే తీశాడట. ఎప్పుడో పాత ఇత్తడి కింద వేస్తే కరిగించేశారట. ఇప్పుడు బిడ్డకు జ్వరం, ఒళ్లు కాలిపోతోంది, ఎగశ్వాస పడుతోంది. దొరది దొరకు ఇయ్యకుండా బిడ్డను గడప దాటిస్తే దారిలోనే పోతుందని సందు సందంతా చెప్పింది. అందుకని ఆమె ఆస్పత్రికి తీసుకుపోకుండా పట్టుకుని కూర్చుంది.

"నువ్వు పోయి చెప్పు మామా," అనింది అమ్మణి. "కొట్టింది నేనేనని ఒక మాట."

తెల్లారినాక చెప్తానన్నాడు. చెప్తే చిన్నతంబి వాళ్లు ఎముకలు విరుస్తారని ఒక భయం. అంతకన్నా, నవ్వులపాలు కావడం.  అమ్మణి గోడ వైపు తిరిగి పడుకుంది.

అతను షెడ్డులోకి పోయాడు. సుత్తి ముట్టలేదు, లాంతరు వెలిగించలేదు. చీకట్లో బండి పక్కన కూర్చున్నాడు. చప్పుడు లేకపోవడం చప్పుడుకన్నా భరించలేనిదట. లేచాడు. కూర్చున్నాడు. ఇప్పుడే పోదామా అనుకున్నాడు... తలుపు దాకా పోయి ఆగాడు.

అప్పుడు సందులో అడుగులు వినిపించాయి. ఈసారి ఎవరూ దాచుకోవడం లేదు. ఉత్త కాళ్లు, బరువుగా. వాటితోపాటు — చిన్న మూలుగు.

కంతలోనుంచి చూశాడు. రాసాత్తి. భుజం మీద బిడ్డ, చంకలో ఇత్తడి బిందె. బిందె నిండా నీళ్లు. దాన్ని తలుపు ముందు దించింది. బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"దొరా... అది లేదు. కరిగించేసినారు. ఇది మా యమ్మ నాకిచ్చిన బిందె. ఇదీ ఇత్తడే. అదీ నీళ్లు పట్టేదే, ఇదీ నీళ్లు పట్టేదే. దీన్ని పెట్టుకో." బిందెను తలుపు వైపు జరిపింది. "చాలదంటే నన్ను తీసుకో. బిడ్డను వొదిలెయ్."

బిడ్డ ఊపిరి గరగరమనడం రేకు ఇవతలికి వినిపిస్తోంది.

యతిరాజులు నోరు తెరిచాడు. పో తల్లీ, ఆస్పత్రికి పో అనాలి. అంతే.  నాలుక అంగిటికి అంటుకుపోయింది. చేత్తో తలుపు తడదామన్నా చెయ్యి లేవలేదు.

వెనక నుంచి... పెరటి తలుపు పక్క చీకట్లోనుంచి... ఒక గొంతు. పెద్దగా కాదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు.

"ముట్టింది. బిడ్డను పెద్దాస్పత్రికి ఎత్తకపో. ఇప్పుడే పో."

రాసాత్తి దిగ్గున లేచింది. ఆ తర్వాత బిడ్డను గుండెకు అదుముకుని, బిందె అక్కడే వదిలి, పెద్ద రోడ్డు వైపు పరిగెత్తింది.

యతిరాజులు గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. అమ్మణి చాప మీద ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. బిడ్డ బతుకుతుంది అన్నాడు. ఊ, మంచి పని జరిగింది అనింది. అంతకుమించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

బిడ్డ బతికింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఇంకో పూట ఆగివుంటే దక్కేది కాదని డాక్టరు చెప్పాడట.

తెల్లారగానే యతిరాజులు సందులోకి పోయి, తుప్పు తాళం పగలగొట్టి, పెద్ద తలుపులు బార్లా తెరిచాడు. సందంతా వచ్చి నిలబడింది. చిన్నతంబి బండిని చూశాడు, సుత్తిని చూశాడు, మనిషిని చూశాడు.

"నీకా... మా యమ్మ కోడిని కోసింది?" అన్నాడు.

కొడతారనుకున్నాడు యతిరాజులు. ముందు ఒక ముసలామె నవ్వింది, తర్వాత అందరూ. కుదురు లేక మా కుండ దొర్లుతా ఉంది, ఇంకొకటి చేసియ్యి అని ఒకామె దబాయించింది. బిందెను అతనే మోసుకుపోయి రాసాత్తి గుడిసెలో పెట్టి వచ్చాడు. వేరే బండిది పాత రేడియేటర్ కోసి అతికించుకున్నాడు. ఒక ఆదివారం ఆ బండి పొగ చిమ్ముతూ సందులోనుంచి బయటికి వచ్చింది. నేను చూశాను.

ఇదీ యతిరాజులు నాకు చెప్పింది. చెప్పినప్పుడల్లా చివర ఒక మాట అనేవాడు. ఆ రాత్రి అమ్మణి లేచి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మాట అనకపోతే నేను మనిషినే కాకపోదును రా అని.

చాలా ఏళ్ల తర్వాత ఒక వాన సాయంత్రం వాళ్లింటికి పోయాను. అమ్మణి కాఫీ తెచ్చిచ్చింది. మాటల మీద ఆ బిడ్డ సంగతి వచ్చింది. పెళ్లయి తిరువొత్తియూరులో ఉందట. నేను ఊరుకోకుండా అన్నాను —

"అదంతా నీ పుణ్యమే చెల్లెమ్మా. ఆ రాత్రి నువ్వు ఆ మాట అనబట్టి గదా."

అమ్మణి నావైపు వింతగా చూసింది.

"నేనేమన్నాను, అన్నా? నేను చాప మీద ఉండా. గోడ అవతల ఈయన అంటా ఉంటే విన్నాను. ఆ ఒక్క మాట కోసమే గదా ఈ మొండితనాన్ని ఇన్నేళ్లు ఓర్చుకునింది."

యతిరాజులు గ్లాసు కింద పెట్టాడు.

ఆమె మొగుడి ముఖం చూసింది. గొంతు దించి అడిగింది.

"...నువ్వు కాదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

పెరటి తలుపు తెరిచే ఉంది. వాన జల్లు లోపలికి కొడుతోంది. లేచి దాన్ని మూయడానికి మా ముగ్గురిలో ఎవరికీ కాళ్లు రాలేదు.