గడువు తీరని మాత్రలు

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర మెడికల్ షాపులో పనిచేసే కరుణ కౌంటరు పక్కన ఒక డబ్బా పెట్టింది. దాని మీద ‘పాత మందులు ఇందులో వేయండి’ అని రాసింది. ఆ రోజే ఎలీషా అనే కుర్ర రైతు మిరప చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందు సీసా తెచ్చి అందులో వేశాడు.

"ఏమప్పా, చదువు రాదా?"

"వచ్చు మేడం. మందనే కదా రాసినారు."

కరుణకు నవ్వు ఆగలేదు. సీసా తిరిగిచ్చి, ‘మందులు’ కొట్టేసి ‘మాత్రలు, టానిక్కులు’ అని రాసింది. పాత మాత్రలు కాలువలో పారేస్తే ఆ నీళ్లు చేపలకూ మనకూ చేటని, డబ్బా నిండితే పద్ధతిగా కాల్చేవాళ్లకు పంపుతామని చెప్పింది.

ఎలీషా ముఖం మారింది. వాళ్లమ్మ జీవమ్మ పోయాక ఆమె మాత్రల సంచి ఇంట్లో మేకుకే వేలాడుతోంది. పారేయడానికి అతనికి చేతులు రాలేదు.

అప్పటినుంచి ఒక్కో షీటే తెచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అమ్మ సంగతి ఒకటి చెప్పేవాడు. ఇంట్లో వినేవాళ్లు లేరు మరి. కరుణదీ అదే పరిస్థితి. నంద్యాల నుంచి వచ్చి అద్దె గదిలో ఉంటోంది. సాయంత్రం షట్టర్ దించితే, మళ్లీ ఎత్తేదాకా ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు.

సంచి ఎప్పుడో ఖాళీ కావాలి. కాలేదు.

ఒక వాన సాయంత్రం ఎలీషా తడుస్తూ వచ్చి మరో షీటు ఇచ్చాడు. కరుణ వెనక్కి తిప్పి తారీఖు చూసింది.

"ఇది వచ్చే ఏడాది దాకా పనికొస్తాది. యాడిది?"

అతను తల దించుకున్నాడు. "నంద్యాలలో కొన్నా. అమ్మవి అయిపోయినాయి."

"కొని పారేస్తాండావా? వృథా చేయొద్దనే కదా నేను మొత్తుకుంటాండేది."

"వట్టి చేతుల్తో వస్తే, ఎందుకొచ్చినావంటావని."

కరుణ షీటు మళ్లీ తిప్పి మాత్ర పేరు చదివింది. ఇక ఈ గడప తొక్కే మొహం లేదనుకుని ఎలీషా వానలోకి దిగాడు.

"ఆగు. మా నాయన మింగేదీ ఈ మాత్రే." షీటు అతని చేతిలో పెట్టింది. "ఆదివారం చర్చి అయినాక నంద్యాలలో మా ఇంటికి రా. నువ్వే ఇయ్యి."

"ఎవరు నువ్వంటే ఏమని చెప్పల్ల?"

కరుణ డబ్బా సర్దుతూ, తల ఎత్తకుండా అంది.

"అడగడులే. పురుగుమందు సీసా తెచ్చినాయన గురించి ఎప్పుడో చెప్పినా."