సమూహం: ఒక్కరు

ఆ ఉదయం నాలుగో మనిషి కూడా కిటికీ వైపు తల తిప్పి, "ఇల్లు పెద్దదైపోయిందండీ" అన్నాడు.

ఆ మాట పూర్తి కాకముందే కౌముది పత్రంలో గీత కొట్టేసింది. నలభై ఒకటో రోజు, ఎడమవైపు చూపు, రెండు క్షణాల మౌనం, ఆపైన ఆ వాక్యం. అంతా దుఃఖసూత్రం చెప్పినట్టే. అతను బస్సు డిపోలో మెకానిక్. కూతురు పోయింది. అతనికి ముందు వచ్చినావిడ పంతులమ్మ. భర్త పోయాడు. అంతకు ముందు ఇద్దరు అన్నదమ్ములు, తల్లి పోయినవాళ్ళు, చెరో ఊళ్ళో ఉంటున్నవాళ్ళు, విడివిడిగా వచ్చి కూర్చుని అదే మాట అన్నారు.

"మంచిదండీ. నూట నలభై మూడో రోజుకి తేలికపడుతుంది. వెళ్ళిరండి."

అతను తలూపి వెళ్ళిపోయాడు. అది నిజమేనా అని ఎవరూ అడగరు. నిజంగానే తేలికపడుతుంది కాబట్టి.

భీమిలి ఒడ్డున ఉన్న ఆ కేంద్రంలో కౌముదిది శేష పరిశీలన ఉద్యోగం. మనిషి ఏం చెయ్యబోతాడో సూత్రం ముందే చెబుతుంది. సూత్రం చెప్పిందీ మనిషి చేసిందీ కలవకపోతే ఆ మిగిలిన తేడాయే శేషం. తొమ్మిదేళ్ళ కిందట ఆమె చేరిన కొత్తలో రోజుకి ముప్ఫై శేషాలు వచ్చేవి. ఇప్పుడు నెలకి ఒకటి వస్తే ఎక్కువ. సూత్రం అంత పదునెక్కిందని పై అధికారి మధుమూర్తి చెబుతుంటాడు. కౌముది కూడా అలాగే అనుకునేది.

ఐదో మనిషి సూరాడ పోలమ్మ. అరవై దాటినావిడ, ఒడ్డు మీది పేటలో ఉంటుంది. భర్త ఎర్రయ్య వేటకి వెళ్ళి, పడవలోనే గుండె ఆగి పోయాడు. ఆవిడ కుర్చీని ఓసారి చూసి, దాని పక్కనే నేల మీద చతికిలబడింది.

"కుర్చీలో కూర్చోండమ్మా."

"వద్దులే తల్లీ, నాకు కిందే బాగుంటాది. ఏటడుగుతావో అడుగు, బేగెల్లాల."

"ఇల్లు ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

పోలమ్మ కిటికీ వైపు చూడలేదు. తన చేతులకేసి చూసుకుంది. "ఇల్లా? ఇరుకైపోనాది. అడుగెయ్యడానికి జాగా నేదు."

కౌముది చెయ్యి గీత దగ్గరే ఆగిపోయింది. "ఇరుకా?"

"మరి ఒల పరిసేసినాను గదా ఇంటినిండా. మా మావ కట్టిన ఒల. ఆడు పోయినకాడ్నించీ ఇప్పుతున్నాను."

"విప్పడం ఎందుకు?"

"ఆడి ముడి అందరి ముడిలాటిది కాదమ్మా. ఎడంసేత్తో ఏసీవోడు, సివర్న ఓ మెలిక తిప్పీవోడు. ఎలగ తిప్పీవోడో ఎవులికీ సెప్పనేదు. నానడిగితే నవ్వీవోడు. అందుకే ఒలలో రోజుకో కన్ను ఇప్పుతున్నాను. దారం ఎటెల్తే ఆడి సెయ్యి అటెల్లినట్టే గదా. నిన్నటికి సగం దొరికినాది."

"ఏడుపొస్తోందా?"

"కోపమొస్తాది. దొరికినప్పుడు నవ్వొస్తాది. ఏడుపుకింకా తీరుబాటు దొరకనేదు."

బల్ల మీద ఆకుపచ్చగా వెలుగుతున్న దీపం పసుపురంగుకి తిరిగింది. తెర మీద అక్షరాలు పడ్డాయి: శేషం. ఒదిగింపు గదికి పంపండి.

ఒదిగింపుకి ఇరవై నిమిషాలు చాలు. నొప్పి ఉండదు. చెవిలో ఓ గొంతు మెల్లగా మాట్లాడుతూ ఉంటుంది, అంతే. బయటికొచ్చిన మనిషి మళ్ళీ ఇక్కడ కూర్చుంటాడు, కిటికీ వైపు చూస్తాడు, ఆ వాక్యం అంటాడు. ముందు ఇంకేదో అన్నానన్న సంగతి గుర్తుండదు. కౌముది అలా కొన్ని వేలమందిని పంపింది. ఈవిడా వెళ్ళొస్తుంది. ఇంటికి పోయి, ఈ వల ఇంత అడ్డంగా ఎందుకుందా అనుకుని, చుట్టి చూరులో దోపేస్తుంది.

బొత్తాం మీద వేలు పెట్టింది కానీ నొక్కలేకపోయింది. ఆరేళ్ళ కిందట నాన్న పోయినప్పుడు తనూ ఈ కుర్చీలోనే కూర్చుంది. ఇల్లు పెద్దదైపోయింది అంది. అది బాగా గుర్తే. కానీ అప్పటికి తను ఉంటున్నది ఒంటిగది క్వార్టరు. నాన్న ఒక్కసారైనా అక్కడికి రాలేదు. మరి ఏ ఇల్లు పెద్దదైంది? ఆరేళ్ళలో ఈ ప్రశ్న ఆమెకి ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఒక్క నిమిషం అమ్మా" అని తెర మీద తన పాత పత్రం తీసింది.

ఒకే రోజున రెండు సంభాషణలు. పది గంటలకి ఒకటి, పదిన్నరకి ఒకటి. నడుమ ఒదిగింపు, ఇరవై నిమిషాలు. మొదటి సంభాషణకి ఎదురుగా 'కొలత దోషం' అని రాసి తాళం వేశారు. దాని నిడివి మాత్రం కనిపిస్తోంది, నాలుగు నిమిషాలు. నాన్న గురించి తను నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడింది? కళ్ళు మూసుకుని నాన్న నవ్వు గుర్తు చేసుకోబోయింది. ఎవరిదో నవ్వు వినిపించింది. ఎవరిదైనా కావచ్చు.

పసుపుదీపం ఎంతకీ ఆరకపోవడంతో మధుమూర్తి వచ్చాడు. "ఏమైంది కౌముదీ? ఆవిణ్ణి పంపలేదేం?"

"ఆవిడ చెప్పింది తప్పు కాదు సార్."

"తప్పని నేనన్నానా? అది ఒక్కరిది. ఒక్కరి నుంచి సూత్రం రాదు. నూట నలభై మూడో రోజున ఈవిడకి ఏమవుతుందో మీరు చెప్పగలరా? చెప్పలేనప్పుడు ఎలా కాపాడతాం?" గొంతు తగ్గించాడు. "మా వదిన పోయిన రెండో నెలలో మా అన్నయ్య ఈ ఒడ్డునే సముద్రంలోకి నడిచి వెళ్ళిపోయాడు. అప్పటికి ఈ కేంద్రం తెరవలేదు. తెరిచాక పదకొండేళ్ళలో అలా ఒక్కరు కూడా పోలేదు. ఒక్కరు కూడా."

అది నిజమని కౌముదికి తెలుసు. ఆమె లేచి వెళ్ళి పోలమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా, ఆ గదిలోకి వెళ్ళొస్తే మీకు తేలికైపోతుంది. కానీ ఆ ముడి ఎందుకు కావాలో గుర్తుండదు."

పోలమ్మ తలెత్తి చూసింది. "ఎల్లకపోతే?"

"ఏమవుతుందో మాకు తెలీదు."

"నాకూ తెలీదు" అంది పోలమ్మ. "వద్దు తల్లీ. ఇంకా సగం ఉన్నాది, ఇప్పాల."

"ఇష్టాయిష్టాలు అడిగే నిబంధన మనకి లేదు" అన్నాడు మధుమూర్తి. గోడకున్న పెద్ద మీట దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. దాన్ని దించితే ఇక పరిశీలకుల చేతుల్లో ఏమీ ఉండదు. అంతా పైనుంచే జరిగిపోతుంది.

కౌముది బల్ల దగ్గరికొచ్చింది. ఒదిగింపు బొత్తాం పక్కనే కొత్త సమూహం అన్న బొత్తాం ఉంది. ఒకే రకం శేషాలు ఎక్కువమందిలో కనబడితే దాన్ని వాడేవారు. కవలలకి అలాగే విడిగా సూత్రం వచ్చింది. సమూహం ఏర్పడ్డాక, దాని సూత్రం తయారయ్యేదాకా అందులోవాళ్ళని ఒదిగింపుకి పంపకూడదు. ఆమె దాన్ని నొక్కింది.

సభ్యుల సంఖ్య?

మూడు వందలకి తక్కువ ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకూడదని ఎవరూ రాసి పెట్టనూ లేదు. ఆమె ఒకటి వేసింది.

గోడల్లోంచి వచ్చే సన్నటి హోరు ఆగిపోయింది. అలాంటి హోరు ఒకటుందని తొమ్మిదేళ్ళలో ఆమెకి ఇప్పుడే తెలిసింది. బయట సముద్రం వినిపించింది. తెర మీద ఒక్కో మాటే పడింది.

సమూహం స్వీకరించాను. సభ్యులు: ఒక్కరు. ఇటువంటి ఇతర సమూహాల కోసం వెతుకుతున్నాను.

కొలత దోషాలన్నిటి తాళాలూ ఊడడం మొదలైంది. పేరు వెనక పేరు, ఒక్కో పేరు ముందు సమూహం అన్న మాట, చివర ఒకటి. చదవడానికి వీల్లేనంత వేగంగా తెర పైకి పరుగెత్తింది. ఆ తర్వాత కేంద్రంలోని అన్ని గదుల్లోంచీ ఇన్నాళ్ళూ తాళం వేసి ఉంచిన గొంతులు లేచాయి. ఎవరో ముసలాయన, "ఆవిడ గురక లేక నిద్ర పట్టట్లేదండీ" అంటున్నాడు. ఎవరో పిల్ల కోపంగా అరుస్తోంది. వాటి మధ్య కౌముదికి తన గొంతే వినిపించింది.

"నేను రాసిన ఉత్తరాల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్ది మళ్ళీ నాకే పంపేవాడండీ మా నాన్న. చచ్చేంత కోపం వచ్చేది. మొన్న కావాలని ఓ తప్పుల ఉత్తరం రాశాను. ఎక్కడికి పంపాలో..."

కౌముది బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"నానెల్తానమ్మా" అని పోలమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదు.

మధుమూర్తి చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. దాన్ని దించేస్తే గొంతులన్నీ ఆగిపోతాయి. అతను దించలేదు.

"ఈ కేంద్రం తెరిచిన మొదటివారం నేనూ ఇక్కడికి వచ్చాను" అన్నాడు. "అన్నయ్య గురించి. ఏం చెప్పానో... ఆ వాక్యం ఒక్కటే గుర్తుంది. నాది కూడా ఉంటుందా అందులో?"

కౌముది వెతికింది. "ఉంది సార్."

"ఎంతసేపు మాట్లాడాను?"

"యాభై రెండు నిమిషాలు."

అతను మీట వదిలేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎటు చూడాలో తెలియనట్టు ఆమె ముఖంలోకే చూశాడు.

"పెట్టండి" అన్నాడు.