కబ్ద్‌లో కొత్త సమాధి

సమాధి కొత్తది. తవ్విన ఇసుక ఇంకా గట్టిపడలేదు. అందులోని ఎముకలు మాత్రం నాలుగు వేల ఏళ్ళ కిందటివి.

2009 మార్చి. శనివారం ఉదయం. ఫార్మ్ హౌస్‌ల కోసం కువైట్‌లోని కబ్ద్ ఎడారిని చదును చేస్తున్న కంపెనీ సైట్. రోడ్డు పడాల్సిన చోట ఒక రాళ్ళగుట్ట ఉండేది. ఏనాటివాళ్ళో తమవాళ్ళని కింద పడుకోబెట్టి, పైన రాళ్ళు పేర్చిన గుట్ట. పురావస్తు శాఖ చుట్టూ ఎర్రజెండాలు పాతింది. ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డర్ వేసింది. రోడ్డు అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు గుట్ట లేదు. శుక్రవారం మధ్యాహ్నం, అందరూ జుమ్మా నమాజుకో సిటీకో వెళ్ళినప్పుడు, ఎవరో బుల్‌డోజర్‌తో నేలమట్టం చేశారు. ఎముకలు వాచ్‌మన్ ఖాసిం వలి గది పక్కనే పూడ్చి ఉన్నాయి. చుట్టిన దుప్పటీ ఖాసిందే, దాని కొసా ఒక ఎముకా మాత్రం ఇసుక పైకి కనబడ్డాయి.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ బంగారయ్య ఒకప్పుడు రాజోలు స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్. సాయంత్రం పోలీసులొచ్చేదాకా ఖాసింని గదిలో పెట్టమని ప్రాజెక్ట్ మేనేజర్ హుకుం. బంగారయ్య ఆ కంటైనర్ గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కిటికీ దగ్గర నిలబడి మొదలుపెట్టాడు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"మెయిన్ గేటు కాడ ఉంటి అన్నా. కాపలా ఇడ్సి యాడికి పోతా?"

"బుల్‌డోజర్ చప్పుడు?"

"దుమ్ముగాలి కొడ్తాండె. ఏమీ ఇనపళ్ళే."

"పురావస్తువాళ్ళని ఎముకలు తియ్యొద్దన్నది నువ్వే కదా?"

"అంటిని. సచ్చినోళ్ళను పండుకోనీయండి అంటిని. అంతమాత్రాన నేనే తవ్వుతానా?"

ఆ మాట సైట్ అంతా వింది. అందుకే నేరం ఖాసిం ఒంటికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. జైలు, తర్వాత దేశబహిష్కరణ. అతని బతుకు ఈ సాయంత్రంతో సరి.

"వాడేనండీ బాబూ!" ఫోర్‌మన్ రాజా ముందుకొచ్చాడు. అమలాపురం మనిషి. "పిచ్చి భక్తి కదండీ ఆడిది!"

పోయిన వారం రాజా బుల్‌డోజర్ జెండాలు దాటబోతే ఖాసిం దానికి అడ్డంగా కూర్చున్నాడు. రాజా వెనక్కి తీయక తప్పలేదు. కూలీలు పగలబడి నవ్వారు.

రాజాని చూస్తే బంగారయ్యకి ఒళ్ళు మండింది. రెండేళ్ళ కిందట కాపర్ కేబుల్ పోయింది. బంగారయ్య తమ్ముడు సూర్యకిరణ్ మంచం కింద దొరికింది. వెతికి పట్టిచ్చింది రాజాయే. తమ్ముడికి బేడీలు వేసి విమానం ఎక్కించారు. మళ్ళీ కువైట్ గడప తొక్కే వీల్లేదు. అప్పుడు మంచం కింద కేబుల్, ఇప్పుడు దుప్పట్లో ఎముకలు. పద్ధతి ఒకటే.

వీడే అయితే బాగుండునని బంగారయ్య మనసారా కోరుకున్నాడు. పోలీసు ఉద్యోగం చేసినవాడు కనక ఆ కోరికకి కాస్త భయపడ్డాడు కూడా.

పురావస్తు సర్వేకి పనిచేసే హైదరాబాద్ అమ్మాయి హుమేరా సమాధి చుట్టూ టార్పాలిన్ పరదా కట్టించింది. లోపల బంగారయ్య తప్ప ఎవరూ లేరు. బ్రష్‌తో మెల్లగా ఇసుక తీసింది.

"తల ఉత్తరానికుంది అంకుల్. మొకం పడమరకి. మా వాళ్ళని ఎట్ల పెడ్తరో అట్లనే పెట్టిండ్రు."

మళ్ళీ ఇసుక కప్పేసింది.  అయితే నిజంగా ఖాసిమేనా, అనుకున్నాడు బంగారయ్య.

మధ్యాహ్నం అజాన్ వినిపించింది. బంగారయ్య కిటికీలోంచి చూశాడు. ఖాసిం నమాజుకి చాప పరిచాడు. గోడవారగా కాదు, ఈ మూల నుంచి ఆ మూలకి.

నమాజు అయ్యేదాకా ఆగి అడిగాడు. "వాలుగా పరిచావేం?"

"ఖిబ్లా అట్లే ఉండాది కదన్నా. ఈడ మక్కా నైరుతి దిక్కు."

"పూడ్చినప్పుడు మొహమూ అటేనా?"

"అటే. ఇంక యాడికి తిప్పుతారు?"

బంగారయ్య సమాధి వైపు చూశాడు. అది చాపలా వాలుగా కాక గది గోడకి సమాంతరంగా, తిన్నగా ఉంది. హుమేరా కంపాస్ పెట్టి చూసి తల పట్టుకుంది. "ఎముకల ధ్యాసల ఇది సూడనేలేదు!" అంటూ పురావస్తు శాఖకి ఫోన్ చేసింది.

మూడింటికి మెస్‌లో అందరూ చేరారు.

"సమాధి ఖాసిం తవ్వలేదు. దిక్కు తప్పింది," అన్నాడు బంగారయ్య.

"తప్పేంటండీ?" రాజా లేచాడు. "మొహం పడమరకే పెట్టారు కదా! మన అమలాపురం సాయిబులందరికీ అంతే కదండీ?"

బంగారయ్య రాజా దగ్గరికి నడిచాడు.

"లోపల చూసింది హుమేరా, నేను ఇద్దరమే. మొహం పడమరకుందని నీకెవరు చెప్పారు రాజా?"

రాజా గుమ్మం వైపు చూశాడు.

"మన ఊళ్ళకి మక్కా పడమర. ఇక్కడికి నైరుతి. రోజూ అటు తిరిగి మొక్కేవాడు శవాన్ని పడమరకి తిప్పడు. అది నమాజు చెయ్యకుండా, మన ఊరి సమాధులు మాత్రమే చూసినవాడి పని."

మేనేజర్ తొందరపడ్డాడు. "ఖలాస్! రాజాని రాత్రి ఫ్లైట్ ఎక్కించెయ్. పోలీసులకి నేను చెప్తా."

"గుట్ట పోతే రోడ్డు పడుద్దని మీరే కదా సార్ అన్నారు!" రాజా భోరుమన్నాడు. బంగారయ్య కాళ్ళ మీద పడ్డాడు. "అన్నయ్యా, ఒక జిల్లా వాళ్ళం. ఇంటికి పంపించెయ్యి, చాలు."

"ఇంటికా? అది మా తమ్ముడికి శిక్ష. నీకు సెలవు. కేబుల్ సంగతి కూడా పోలీసులకి నువ్వే చెప్తావు."

హుమేరా ఫోన్ వల్ల నాలుగింటికే పోలీసు జీపొచ్చింది. రాజా చెప్పింది విని మేనేజర్‌ని వెనక సీట్లోకి ఎక్కించారు. రాజా చేతులకి బేడీలు పడ్డాయి. అతను ఏడుస్తుంటే బంగారయ్యకి హాయిగా ఉంది. సిగ్గేమీ వేయలేదు. రెండేళ్ళ తర్వాత కడుపు నిండినట్టుంది.

జీపు దుమ్ము అణగకముందే తమ్ముడికి ఫోన్ చేశాడు. అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. బేడీల సంగతి రెండుసార్లు చెప్పాడు.



"మరి ఆ ఖాసిం గారేం చేత్తున్నాడు అన్నయ్యా?" అన్నాడు సూర్యకిరణ్. "ఆయనకి చెప్పేవా?"

బంగారయ్య చెయ్యి జేబులోకి పోయింది. ఖాసిం గది తాళంచెవి ఇంకా అక్కడే ఉంది.