అనుమానమ్మ చూసిందా?

సర్దేసిన బ్యాగు కంటపడితే అత్తగారి చేతులు ఊరుకోవు. ఆ ఉదయం, సైన్యంలో పనిచేసే కోడలు స్నానం చేసి వచ్చేలోగా, గుమ్మం పక్కనున్న ఆమె బ్యాగు విప్పేసి, బట్టలన్నీ మంచం మీద పరిచి, ఒక్కొక్కటే మళ్లీ మడతపెడుతూ కూర్చుంది. వంటింట్లో టీ కలుపుతున్న కొడుకు చూశాడు గానీ, మధ్యలో దూరితే తన తలే వాస్తుందని చెంచా తిప్పుకుంటూ ఉండిపోయాడు.

ఆ ఇంట్లో ఇది రోజూ ఉండే తంతే. కోడలు తాళం వేస్తే అత్తగారు లాగి చూస్తుంది. కోడలు గ్యాస్ కట్టేస్తే వెళ్లి తడిమి చూస్తుంది. పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకే పిల్లకి కుళాయి కట్టేయడం చేతకాదన్నట్టు! పాపం, ఆవిడ మనసులో ఏ దురుద్దేశమూ లేదు. పెళ్లికి ముందు చేసిన ఉద్యోగంలో చేతులకి పట్టిన అలవాటది. ఆ ఉద్యోగం సంగతి మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఎత్తేది కాదు.

"అత్తయ్యా! మళ్లీ విప్పేశారా?" గుమ్మంలోనే ఆగిపోయింది కోడలు. సెలవు అయిపోయింది, బస్సు టైమూ దగ్గరపడింది.

"చొక్కాలు నలిగిపోతాయని, అమ్మా..."

"చొక్కాలకేం కాదు, నలిగిపోతున్నది నేను! నేను ముట్టుకున్న ప్రతిదీ మీరు మళ్లీ ముట్టుకోవాల్సిందేనా? నామీద నమ్మకం లేని ఇంట్లో నేనెలా ఉండాలి? మేం వేరే ఇల్లు చూసుకున్నాం. వచ్చే సెలవుకి అక్కడికే వస్తాను."

అత్తగారు కొడుకు వైపు చూసింది. చక్కెర ఎప్పుడో కరిగిపోయినా వాడింకా చెంచా తిప్పుతూనే ఉన్నాడు. అంటే నిజమేనన్నమాట.

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?"

"చెబితే ఆ ఇంటి తలుపులు కూడా ఊడదీసి బిగిస్తారు. అచ్చం అనుమానమ్మే మీరు!"

అత్తగారి చేతిలోని చొక్కా జారి కిందపడింది.

"ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"పేరా?"

"నన్నేడిపించిన పేరు. దాన్ని వదిలించుకోవడానికే బంగారంలాంటి ఉద్యోగం మానుకున్నాను. ఇన్నేళ్లకి నా ఇంట్లోకే పట్టుకొచ్చావా?"

అలా బయటపడింది ఆ కథ. పారాచూట్లు మడిచే హాల్లో ఆవిడ కొత్తగా చేరిన రోజులవి. పెద్దాయన ఒకాయన మడిచి పెట్టినదాన్ని, చూపుకి ఎందుకో తేడాగా ఉందని ఆవిడ విప్పింది. లోపల తాళ్లు మెలిపడి ఉన్నాయి. మెచ్చుకున్నవాళ్లు లేరు సరికదా, పెద్దవాళ్లకే వంకలు పెడుతోందని హాలంతా అనుమానమ్మ అని పేరు పెట్టేసింది. దూకే కుర్రాళ్లూ అందుకున్నారు. ఆవిడ భోజనానికి వస్తే, "అనుమానమ్మొస్తోంది, పళ్లేలు దాచండ్రోయ్" అని ఒకటే నవ్వులు.

కోడలు మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"అత్తయ్యా, అది మనిషి పేరని మాలో ఎవరికీ తెలీదు. మాకది పని మాట. బండి తీసేముందు, విమానంలోంచి దూకేముందు, 'అనుమానమ్మ చూసిందా?' అని అడుగుతాం. అంటే, రెండో మనిషి చెయ్యి పడిందా అని. పడకపోతే ఎంత పెద్ద ఆఫీసరైనా కదలడానికి లేదు. చూసే వంతొచ్చిన రోజు మా మీసాల ఆఫీసరు కూడా అనుమానమ్మే!"

అత్తగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఎవరూ ఎగతాళి చెయ్యరా?"

"కొత్తలో నేనూ నవ్వాను. ఓ రోజు దూకేముందు నా వెనకమ్మాయి చెయ్యేసి చూస్తే, నా నడుము బకిల్ సగమే పట్టి ఉంది. నేను చూసుకున్నాననే అనుకున్నాను అత్తయ్యా. ఆ పిల్ల చూడకపోతే ఇవాళ మీతో పోట్లాడ్డానికి నేనుండేదాన్ని కాదు."

వంటింట్లో చెంచా చప్పుడు ఆగిపోయింది. "నాకు చెప్పలేదేం?" అన్నాడు కొడుకు.

"చెబితే మళ్లీ దూకనిచ్చేవాడివా?"

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లూ తనని ఎగతాళి చేస్తూనే ఉందనుకున్న మాట, తన ఇంటి పిల్లని కాపాడింది.

"కానీ అక్కడ మీరే పిలిచి చూపించుకుంటారు," అంది కళ్లు తుడుచుకుని. "నేనేమో పిలవకుండానే విప్పేశాను. తప్పు నాదేనమ్మా. నీ బ్యాగు నువ్వే సర్దుకో."

ఆవిడ లేచి కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. వెనకాల బట్టలు సర్దుతున్న చప్పుడు వినబడుతున్నా తిరిగి చూడలేదు. చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"మరి ఆ ఇల్లు?" నసిగాడు కొడుకు.

"వచ్చే సెలవుకి ముగ్గురం వెళ్లి చూద్దాం. అత్తయ్య తలుపులు లాగి చూడకుండా ఏదీ ఖాయం చెయ్యకు," అంది కోడలు.

బ్యాగు భుజాలకి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లింది. చెప్పులు వేసుకోబోయి ఆగి, వీపు ఇటు తిప్పి నిలబడింది.

"అనుమానమ్మ చూసిందా?"

అత్తగారు దగ్గరికొచ్చింది. పట్టీలు రెండూ లాగి చూసింది, బకిల్ తడిమింది. ఆ వీపు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం అలాగే ఉంచింది.

"చూసింది తల్లీ. వెళ్లిరా."