కాలిన మోటార్లు

2071 నాటికి కాలేజీలకు గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ బృందాలు ఊళ్లకు రావడం మానేశాయి. శాలువాలు, జీడిపప్పు పళ్లేలు, గేటు దగ్గర బ్యాండుమేళం అన్నీ పోయాయి. వాటి బదులు నిమ్మకాయంత మాట్లాడే యంత్రం, 'దూరసాక్షి', గాల్లో తేలుతూ ల్యాబుల్లో తిరుగుతుంది. లోహంలో మిగిలిన వేడి జాడలు, స్విచ్చుల అరుగుదల చదివి, ఆ ల్యాబ్‌కు డిజిటల్ ట్విన్‌ను, అంటే అచ్చమైన కవలరూపాన్ని, ఎక్కడో కూర్చున్న నిపుణుల ముందు నిలబెడుతుంది. దాని దగ్గర కబుర్లు చెల్లవు. అయినా మనవాళ్లు ఊరుకుంటారా?

గోదావరి గట్టున ఒక కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగాధిపతి మందాకినికి ఇది ఆఖరి అవకాశం. ఈసారి గుర్తింపు రాకపోతే విభాగం మూతపడుతుంది, పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారు. ఆమె పట్టుదల గల మనిషే, కానీ పాత అలవాటు ఎక్కడికి పోతుంది? విద్యార్థులు కాల్చిన మోటార్లన్నీ షెడ్డులోకి తోయించి, పక్క ఊరి ప్రిన్సిపాల్ వీర్రాజు దగ్గర కొత్తవి అరువు తెచ్చింది.

దూరసాక్షి ల్యాబంతా తిరిగి ఆమె ముందు ఆగింది.

"ఇక్కడ ఎవరూ ఏమీ నేర్చుకోలేదండి," అంది.

"అదేంటి? అన్నీ బాగా పనిచేస్తున్నాయి కదా."

"అందుకేనండి. నేర్చుకునేవాళ్లు ఒక్కటైనా పాడుచేయకుండా ఉంటారా? సాయంత్రం నివేదిక పంపేస్తాను."

మందాకినికి సిగ్గేసింది. ఆ వెనకే పంతం వచ్చింది. కొంగు దోపుకుని, పిల్లలతో కలిసి షెడ్డులోని మోటార్లన్నీ మోసుకొచ్చింది.

"ఆ కొత్తవి అరువువి. మావి ఇవే," అంది రొప్పుతూ. "దీన్ని లోడు ఎక్కువిచ్చి కాల్చేశారు. వైండింగ్ మళ్లీ చుట్టి, మళ్లీ కాల్చారు. మూడోసారి తిరిగింది. నమ్మకపోతే వీళ్లనే అడుగు."

దూరసాక్షి అడిగింది. ఎందుకు కాలిందో, ఎలా బాగుచేశారో పిల్లలు ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ చెప్పారు.

"అరువు సంగతి కూడా రాస్తానండి," అంది దూరసాక్షి చివరికి.

"రాయి," అంది మందాకిని.

వారం తిరక్కుండానే గుర్తింపు వచ్చింది. కాలిన మోటార్లే చదువుకు సాక్ష్యమన్న ఆ నివేదికను కాలేజీలన్నీ చదివాయి. ఆ సాయంత్రమే వీర్రాజు ఫోన్ చేశాడు.

"మందాకిని గారూ, మా కొత్త మోటార్లు మీ దగ్గరే ఉంచుకోండి. తొందరేం లేదండి."

"ఏంటండీ, ఇంత దయ?"

"వచ్చే నెల దూరసాక్షి మా కాలేజీకొస్తందండి. మీ కాలినవి ఓ పది రోజులు అరువిద్దురూ. మా కుర్రాళ్లని ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు కదండీ, మావి ఒక్కటీ కాల్లేదు."